అమ్మ ఎక్కని జారుడుబల్ల

మా తమ్ముడు శ్రీధర దగ్గర ఒక కథ ఉంది. ఇంట్లో నలుగురు చేరితే చాలు, దాన్ని బయటికి తీస్తాడు. చిన్నప్పుడు మా ఊరు కేజీఎఫ్ నుంచి ఇంటిల్లిపాదీ వ్యానులో గంధర్వలోకం పార్కుకు పోయిన కథ. అప్పటికి వాడు ఒకటో తరగతి, నేను ఆరో తరగతి. కథ ఎత్తుకోగానే వాడి గొంతు మెత్తబడుతుంది, కళ్లు ఎక్కడికో వెళ్లిపోతాయి. నాకు ఒళ్లు మండుతుంది.

ఆ కథలో ఒక పెద్ద జారుడుబల్ల వస్తుంది. పైనుంచి కిందిదాకా నీళ్లు పారే జారుడుబల్ల. అమ్మ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దాని మీద జారిందట. కింద నీళ్లలో పడగానే చీర తడిసి, ముడి ఊడిపోయి, పకపకా నవ్విందట. "అమ్మ అట్ల నవ్వింది నేను మళ్లీ చూడనే లేదు" అని ముగిస్తాడు. వినేవాళ్లంతా అమ్మ వైపు మురిపెంగా చూస్తారు.

అప్పుడు నేను మొదలుపెడతాను. అమ్మ ఆ జారుడుబల్ల ఎక్కలేదని, ఎక్కడం మాట అటుంచి కంటితో కూడా చూడలేదని, ఆ రోజంతా పార్కు గేటు బయట కూర్చుందని చెప్తాను. ఈసారి వినేవాళ్లు అమ్మ వైపు జాలిగా చూస్తారు. అమ్మ ఏదో పని గుర్తొచ్చినదానిలా లేచి వంటింట్లోకి పోతుంది. శ్రీధర మాత్రం నా మాట నమ్మడు. తనకు బాగా జ్ఞాపకం ఉందంటాడు. అక్కకు ఎప్పుడూ ఏదో ఒక మంట ఉండాలి అంటాడు. కావాలని అబద్ధమాడుతుంటే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. వాడు నిజంగానే నమ్ముతున్నాడు, దాంతో ఏం చెయ్యాలో నాకు తోచదు.

వాణ్ని ఒళ్లో పెట్టుకుని జారింది దాక్షాయణత్త. మా నాయనకు అక్క. ఆమె ఈ కథను ఎన్నోసార్లు విన్నది. వక్క నములుతూ గోడకు ఆనుకుని వింటుంది. అవునని అనదు, కాదని అనదు. ఆమె అలా కూర్చుని వినడం చూస్తే నాకు తమ్ముడి మీద కన్నా ఆమె మీద ఎక్కువ మండుతుంది.

జరిగిందేమిటో నేను చెప్తాను.

కేజీఎఫ్‌లోని రాబర్ట్‌సన్‌పేట బజారులో మా తాత నంజుండప్పకు బట్టల అంగడి ఉండేది. బంగారు గనులు సర్కారు చేతికి వచ్చి అప్పటికే చాలాకాలమైంది. ఈ ఏడు మూస్తారు, వచ్చే ఏడు మూస్తారు అని బజారంతా పుకార్లే. అయినా ఆ ఏడు దీపావళి బోనసు బాగా ఇచ్చారు. గని కూలీలు పెళ్లాం బిడ్డలతో వచ్చి అంగట్లో అరలు ఖాళీ చేసి వెళ్లారు. తాత ఆ సంతోషంలో మా ఇద్దరికీ మాటిచ్చేశాడు. బెంగుళూరు దారిలో, నరసాపురం దాటినాక కొత్తగా పెట్టిన గంధర్వలోకం పార్కుకు అందరం పోదామని. పోవడమంటే మా ఇంట్లో పోవడం కాదు, దండయాత్ర. ముందురోజు నుంచే వంట.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. మా అవ్వ విశాలమ్మ బయట పచ్చి నీళ్లు కూడా తాగేది కాదు. ఎక్కడికి పోయినా ఇంట్లో వండిన అన్నం వెంట రావాల్సిందే. వెంట వస్తే చాలదు, ఆ అన్నం పక్కన ఇంటి మనిషి ఒకరు ఉండాలి. కాసేపు ఒంటరిగా వదిలేసినా, మా కులం కాని మనిషి దగ్గర పెట్టినా, ఇక అది అవ్వకు పనికిరాదు. మా వ్యాను డ్రైవరు పిల్లప్ప నమ్మకస్తుడు. తాత అతనికి అంగడి తాళంచెవులు ఇచ్చి పంపేవాడు. అన్నం గిన్నె మాత్రం ఇవ్వరు. ఈ పద్ధతి తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ రోజుల్లో మాత్రం అది మాకు గాలి పీల్చినంత మామూలు.

గేటు దగ్గర పార్కు మనిషి మా బుట్టలు తెరిపించాడు. చిత్రాన్నం, పెరుగన్నం, ఓళిగలు, ఊరగాయ. బయటి తిండి లోపలికి తీసుకుపోకూడదన్నాడు. తాత బతిమాలాడు, తర్వాత అరిచాడు. ఆ మనిషి కదల్లేదు. అన్నం వ్యానులో పిల్లప్ప దగ్గర పెట్టి పోదామని నాయన గొణిగాడు. అవ్వ ఆయన వైపు ఒక్క చూపు చూసింది, ఆయన నోరు మూతపడింది.

ఎవరో ఒకరు కూర్చోవాలి. తాత కూర్చోడు, ఈ పండగ చేస్తున్నదే ఆయన. నాయన మా చేతులు పట్టుకోవాలి. దాక్షాయణత్త ఆ ఏడే భర్త పోయి పుట్టింటికి వచ్చింది. అవ్వ ఆమె తల నిమిరి, నా బిడ్డ ఏం సుఖం చూసిందని, పోనీ, ఈ ఒక్కరోజైనా నవ్వనీ అంది. అంతే, ఇంక మిగిలింది అమ్మ. కూర్చోమని అమ్మతో ఎవరూ చెప్పలేదు. అవ్వ ఆ బుట్ట తీసి అమ్మ కాళ్ల దగ్గర పెట్టింది. నాయన గేటు మీద వేసిన బొమ్మల్ని చూడడం మొదలుపెట్టాడు.

లోపల ఆ రోజు నాకు బాగుండలేదని కాదు. బాగుంది. అదే నా బాధ. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ దొరకలేదు. తాత పంచె ఎగ్గట్టి డాషింగ్ కారు ఎక్కి, పక్క కారులో ఉన్న అవ్వను గుద్దాడు. అవ్వ నలుగురిలో ఆయన్ను పేరు పెట్టి తిట్టింది, మొగుడి పేరు ఆమె నోట రావడం మేము విన్నది అదొక్కసారే. నేను జెయింట్ వీల్ పైకి పోయినప్పుడు కోలారు కొండలు కనిపిస్తాయేమోనని చూశాను. కేజీఎఫ్‌లో మాకు తెలిసిన గుట్టలంటే బంగారం తీసినాక పారబోసిన సైనైడ్ మట్టి దిబ్బలే, వాటి మీద ఆడితే ఇంట్లో తన్నేవారు. ఇక్కడ ఎంత ఎత్తు ఎక్కినా ఎవరూ ఏమీ అనలేదు. నీళ్లలో పడి, ముక్కులోకి నీళ్లు పోయి, దగ్గుతూ మళ్లీ ఎక్కాను. దాక్షాయణత్త శ్రీధరను ఒళ్లో పెట్టుకుని జారి, తడిసిన తెల్లచీరలో పకపకా నవ్వింది. అది కూడా నేను చూశాను. ఆమె ఇంట్లో అడుగుపెట్టాక నవ్వడం అదే మొదలు.

మధ్యాహ్నం, మళ్లీ లోపలికి పోవడానికి మా చేతుల మీద ముద్ర వేయించుకుని అందరం బయటికి వచ్చాం. పార్కింగు పక్కన గోడ నీడలో పాత దుప్పటి పరిచి, అమ్మ ఆకులు వేసి సిద్ధంగా ఉంది. గబగబా తిని మళ్లీ లోపలికి పరుగెత్తాం. సాయంత్రం వచ్చేసరికి గిన్నెలు తుడిచి సర్ది, అమ్మ అదే చోట కూర్చుని ఉంది. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో నేను ఆమె పక్కన కూర్చుని లోపలివన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను. ఊఁ కొడుతూ వింది. బంగారుపేట వచ్చేసరికి నేను నిద్రపోయాను.

ఇదీ కథ. గనులు మూతపడ్డాయి, అంగడి బేరం తగ్గింది, తాతా అవ్వా పోయారు, ఆ తర్వాత నాయనా పోయాడు. శ్రీధర కోలారులో అంగడి పెట్టుకుని, ఆ ఊరి అంచున తమకలో ఇల్లు కట్టాడు. అమ్మా అత్తా వాడి దగ్గరే ఉంటారు. నేను బంగారుపేటలో బడిపంతులమ్మను. అవ్వ పోయినా అవ్వ పద్ధతి పోలేదు. దాక్షాయణత్త దాన్ని తలకెత్తుకుంది. ఈనాటికీ బయటి మెతుకు ముట్టదు.

మొన్న వేసవిలో ఒక ఆదివారం నేను తమకకు పోయాను. భోజనాల దగ్గర శ్రీధర పెద్ద వార్త ఉన్నట్టు గొంతు సవరించుకున్నాడు. వాడి కూతురు నిత్యకు ఆరేళ్లు నిండుతున్నాయి. పుట్టినరోజుకు అందరం గంధర్వలోకానికి పోదాం అన్నాడు. అదే పార్కు, ఇప్పుడు బాగా పెంచారట, కొత్త జారుడుబల్లలు పెట్టారట. తను ఆ వయసులో పొందిన సంతోషం తన బిడ్డా పొందాలట. ఇంక ఆ కథ మొత్తం మళ్లీ విన్నాం.

నేను ఊరుకునేదాన్నే. కానీ వాడు ముగించకముందే అత్త, ఏం పెద్ద పని, తెల్లవారుజామున లేచి చిత్రాన్నం, పెరుగన్నం చేసుకుందాం అంది. మా మరదలు రేణుక తల వంచుకుంది, కోడలికి ఆ మాట అర్థమవుతుంది. నేను కంచంలో చెయ్యి కడిగేశాను. ఆ అన్నం దగ్గర ఎవరు కూర్చుంటారని అడిగాను.

అక్కడ చూసుకుందాంలే అన్నాడు శ్రీధర. మా ఇంట్లో ఆడవాళ్ల మెడకు చుట్టుకునే ప్రతి పనీ ఈ మాటతోనే మొదలవుతుంది. నాకు నోరు ఆగలేదు. వాడి ముందూ, రేణుక ముందూ, అత్త ముఖం మీదే అడిగేశాను. ఆ రోజు వీణ్ని ఒళ్లో పెట్టుకుని జారింది నువ్వు కాదా, ఇన్నేళ్లుగా నోట్లో వక్క పెట్టుకుని ఊరుకున్నావే, ఒక్కసారి నిజం చెప్పలేవా అని. నిత్య తినడం ఆపి మా అందరి ముఖాలూ చూసింది.

అత్త నీళ్ల చెంబు పక్కకు జరిపింది.

"నేనే జారినాను. బిడ్డ తల్లి అనుకుంటా ఉండాడు, అనుకోనీ. పిల్లా జెల్లా లేని దాన్ని, ఆ జ్ఞాపకం నాదని చెప్పుకుని నేనేం చేసుకునేది?"

ఆ మాటకు జాలిపడాలని నాకు తెలుసు. పడలేదు. తన జ్ఞాపకాన్ని అమ్మకు దానమిచ్చినట్టు మాట్లాడుతోంది, అమ్మ రోజును లాక్కున్న మాట మాత్రం ఎత్తడం లేదు అనిపించింది. అదే అన్నాను కూడా. శ్రీధర ముఖం మాడిపోయింది. అత్తను ఒకసారి, అమ్మను ఒకసారి చూశాడు. నిజమేనా అని అమ్మను అడిగాడు.

"పాత మాటలు ఇప్పుడెందుకురా, మజ్జిగ పోసుకో" అంది అమ్మ.

నేను వదల్లేదు. పోవడమంటూ జరిగితే అమ్మ లోపలికి రావాల్సిందే, లేకపోతే నేను రానని తెగేసి చెప్పాను. అమ్మ టికెట్టు నేనే తీస్తానన్నాను. వాళ్ల ముందే ఫోనులో అందరికీ తీసి పారేశాను. అలా ఎవరో ఒకరు అడగకపోతే ఈ ఇంట్లో ఆమెకు ఏదీ దక్కదని నా నమ్మకం. అత్త తను రానంది. శ్రీధర గడ్డం పట్టుకుని బతిమాలితే మళ్లీ వస్తానంది. అన్నం సంగతి ఎవరూ తేల్చలేదు.

పుట్టినరోజు నాడు తెల్లారేసరికి తమకలో ఇల్లంతా పోపు వాసన. నేను పోయేసరికి పెద్ద సంచీలో గిన్నెలు సర్దేశారు. ఆ సంచీని చూడగానే నాకు సగం ప్రాణం పోయింది. శ్రీధరే బండి నడిపాడు. దారి పొడుగునా నిత్య ఒక్కతే మాట్లాడింది. వేమగల్ వైపు ఫ్యాక్టరీలకు పోయే బస్సులు దాటినప్పుడల్లా చెయ్యి ఊపింది. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చున్నాం.

గేటు పెద్దదైంది. టికెట్టు చూసే మనిషి స్థానంలో యంత్రం వచ్చింది, అచ్చు తీయించి తెచ్చిన టికెట్టు కాగితాలు అందరికీ పంచాను. సంచీలు చూసే చోట మాత్రం మనిషే ఉన్నాడు, నియమమూ మారలేదు. బయటి తిండి కుదరదన్నాడు. పక్కనే లాకర్లు ఉన్నాయి, అందులో పెట్టి తాళం వేసుకుని పోండి అని మర్యాదగానే చెప్పాడు. శ్రీధర ఆశగా అత్త వైపు చూశాడు.

ఎవరెవరి చెప్పులో పెట్టిన పెట్టెలో అన్నం పెడతారా అంది అత్త. బండిలో పెడదామంటే ఎండకు పెరుగన్నం పులిసిపోతుంది, పైగా కాపలా లేని అన్నం. తను పస్తు ఉంటానులే, మీరంతా సంతోషంగా ఉండండి అని ముఖం అటు తిప్పుకుంది. ఆమెకు చక్కెర జబ్బు. పస్తు ఉంటే ఏమవుతుందో అందరికీ తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. శ్రీధర బుర్ర గోక్కున్నాడు. రేణుక నిత్య జడలు సరిచేస్తున్నట్టు నటించింది.

అప్పుడు అందరి కళ్లూ ఒకచోటికి పోయాయి. ఎవరూ ఎవరికీ సైగ చేసుకోలేదు. నీళ్లు పల్లానికి పోయినట్టు ఆ చూపులన్నీ అమ్మ మీదికి పోయాయి. అమ్మ వంగి సంచీ అందుకుంది.

నేను ఆ సంచీ లాగేసుకున్నాను. ఇన్నేళ్లూ పోగుపడినదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. అత్తను, కావలిస్తే నీ అన్నానికి నువ్వే కాపలా కూర్చో అన్నాను. తమ్ముణ్ని, పెళ్లాం ముందు నోరు లేస్తుంది కానీ తల్లి కోసం లేవదా అన్నాను. చచ్చిపోయిన నాయనను కూడా వదల్లేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి మమ్మల్నే చూడసాగారు. చివరికి అమ్మ వైపు తిరిగి, నేను ఉన్నంతవరకు నువ్వు ఈ గేటు బయట కూర్చోవు, ఇది నా మాట అన్నాను.

అమ్మ నోట్లో నాలుక లేని మనిషని మా చుట్టాలంతా అంటారు. నేనూ అనేదాన్ని.

"అరవద్దు ప్రేమా" అంది. "ఆ దినం మీ అవ్వ నన్ను కూర్చోబెట్టింది. ఈ దినం నువ్వు కూర్చోవద్దంటా ఉండావు. ఇద్దరూ నన్ను అడగలేదు."

"నీకోసరమే కదమ్మా నేను ఇంతగా కొట్లాడతా ఉండేది."

"నాకోసరం కాదు, నీకోసరం. పెండ్లికి పోయినా ఆ మాటే, పండగకు వచ్చినా ఆ మాటే. వాడేమో నేను ఎక్కని దాన్ని ఎక్కినానంటాడు. నువ్వేమో వచ్చినోళ్లంతా నన్ను అయ్యో పాపం అని చూసేట్ల చేస్తావు. మీ అవ్వ నన్ను ఒక్క దినమే ఆడ కూర్చోబెట్టింది. నువ్వు నన్ను ఆడనుంచి లేవనిస్తానే లేవు."

ఆమె గొంతు పెంచలేదు. కోపం మాత్రం ఉంది. అమ్మకు కోపం వస్తే పెదవి కింద చిన్న గుంట పడుతుందని నాకు అంతవరకు తెలియదు.

"లోపల అందరూ అరస్తా ఉంటే, ఏ అరుపు నా బిడ్డలదో అని వింటా కూర్చున్నాను ఆ దినం. ఒకటీ తెలీలేదు. వ్యానులో నువ్వు వచ్చి అన్నీ చెప్తా ఉంటే నీ నోరు మూయాలనిపించింది. ఆ మాట నీకు తెలుసునా? నువ్వెప్పుడైనా అడిగినావా?"

తడుముకుంటూ, అయితే ఇప్పుడు లోపలికి పోవాలని ఉందా లేదా అని అడగబోయాను. అంతలో నిత్య వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని, "అవ్వా, నువ్వు వస్తావా?" అని అడిగింది.

"వస్తాను" అంది అమ్మ.

నాకు కళ్లు చెమర్చాయి. నేనే గెలిచాననుకున్నాను. ఇంక అత్త పస్తు ఉంటే ఉండనీ, సంచీ లాకరులో పడేసి అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి పోదామని అడుగు వేశాను. అమ్మ అడ్డంగా నిలబడింది.

"మీ అత్త పస్తు ఉండకూడదు. ఎవరో ఒకరు కూర్చోవాల. నీకు ఈ జాగా మీద అంత పట్టు ఉండాది కదా, నువ్వు కూర్చో."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. శ్రీధర ఏదో అనబోతే చేత్తో ఆపింది. నిత్య చెయ్యి పట్టుకుని, యంత్రం దగ్గర ఎలా పోవాలో తెలియక ఒక్క క్షణం తడబడి, తర్వాత తోసుకుని లోపలికి పోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. అత్త నా వైపు చూసి, ఏమీ అనకుండా వాళ్ల వెంట నడిచింది. ఆమె ఏదైనా అని ఉంటే నాకు కాస్త ఊరటగా ఉండేది, తిరిగి నాలుగు అనేదాన్ని.

గేటు పక్కన టికెట్ల గది గోడకు జానెడు నీడ ఉంది. అక్కడ కూర్చున్నాను. తెల్లవారకముందే లేచి వచ్చాను, అందరి టికెట్లూ తీశాను, లోకమంతటితో తగాదా పెట్టుకున్నాను, ఆమె పక్షాన నిలబడిన మనిషిని నేను ఒక్కదాన్నే. నన్నా కూర్చోబెట్టడం? బండి తాళం శ్రీధర దగ్గర ఉంది. లేకపోతే ఆ సంచీని నడిరోడ్డు మీద పెట్టి బంగారుపేటకు పోయేదాన్ని. కాపలావాడు రెండుసార్లు వచ్చి నన్ను నీడలోంచి లేపి అవతలికి జరిపాడు, అక్కడ జనం నిలబడే దారి అట. లేచిన ప్రతిసారీ సంచీ మోసుకుని జరిగాను.

గోడ అవతల ఒకటే అరుపులు. నీళ్ల చప్పుడు, మైకులో పాటలు, మళ్లీ అరుపులు. వినకూడదనుకున్నాను కానీ చెవులు మూసుకోలేం కదా. ఆడగొంతు వినిపించినప్పుడల్లా అమ్మేమో అనుకున్నాను. అమ్మ అరిస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదు కాబట్టి ఏ గొంతయినా ఆమెదే కావచ్చు.

పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దున ఏమీ తినకుండా బయలుదేరానేమో, ఆకలి మొదలైంది. సంచీ మూత తీస్తే చిత్రాన్నం వాసన. చెయ్యి పెట్టబోయి ఆగాను. అత్త కన్నా ముందు నేను తింటే అది ఎంగిలి, ఇంక ఆమె ముట్టదు. అన్నం కాపలా కాసే మనిషి అందరూ తిన్నాక గానీ తినకూడదు. ఇది నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన పద్ధతే. దాన్ని కడుపుతో తెలుసుకోవడం మాత్రం అప్పుడే. మూత గట్టిగా పెట్టేసి అటు తిరిగి కూర్చున్నాను.

మధ్యాహ్నం బాగా దాటాక శ్రీధర, రేణుక, అత్త, నిత్య బయటికి వచ్చారు. చేతుల మీద ముద్రలు. నిత్య తల నుంచి నీళ్లు కారుతున్నాయి. వాళ్ల వెనక అమ్మ కోసం చూశాను. లేదు.

"మీయమ్మ ప్యాంటు ఏసుకునింది" అంది అత్త. ఊళ్లో ఏదో ఘోరం జరిగినట్టు చెప్పింది. చీరతో జారుడుబల్ల ఎక్కనివ్వరట, లోపల బాడుగకు నైలాను ప్యాంటూ చొక్కా ఇస్తారట, అమ్మ మారుమాట లేకుండా వేసుకుని మెట్లెక్కిందట. మొదటిసారి జారినప్పుడు అరవను కూడా లేదట. రెండోసారి నిత్యను కూడా రానివ్వకుండా ఒక్కతే ఎక్కిందట. శ్రీధర ఫోటో తీయబోతే వద్దందట. ఇదంతా అత్త చెప్తుంటే వాడు అయోమయంగా తల ఊపాడు. వాడి కథ వాడి చేతిలోంచి జారిపోయింది, ఇంక దాన్ని ఎలా చెప్పాలో వాడికి తెలియడం లేదు.

నేను ఆకులు పరిచి వడ్డించాను. అమ్మకు ఒక ఆకు వేసి ఉంచాను. ఇప్పుడు వస్తుందా అని అడిగాను. రేణుక దాక్షాయణత్త వైపు చూసి, కాస్త జంకుతూ, అత్తమ్మ లోపలే మసాలా దోసె తిన్నారు అంది. నేను నమ్మలేదు. నాకు ఊహ తెలిసిన నాటి నుంచి అమ్మ బయట తినడం నేను చూడలేదు.

"తినింది" అంది అత్త. "ఉల్లిగడ్డ ఏసిన దోసె. నా ఎదురుగానే కూర్చుని తినింది. నిత్య సగం ఇమ్మంటే ఇంకోటి తెచ్చుకో అనింది. ఇప్పుడు మళ్లీ ఆ జారుడుబల్ల లైన్లో నిల్చుకోనుండాది. మీరు తినేసి మెల్లిగా రాండి అనింది."

"నాకేమైనా చెప్పమనిందా?"

"నీకా? లేదే" అని అత్త ఆకు ముందుకు జరిపి, పెరుగన్నం పెట్టమంది.

గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఇన్నేళ్లూ అమ్మ తరఫున నాకు అవ్వ మీద కోపం వచ్చింది, నాయన మీద వచ్చింది, అత్త మీద, తమ్ముడి మీద వచ్చింది. అమ్మ మీద ఒక్కనాడూ రాలేదు. పాపం అనిపించే మనిషి మీద కోపం ఎలా వస్తుంది? ఆ ఎండలో నాకు మొట్టమొదటిసారి అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. లోపలికి పోయి, ఆ లైన్లోంచి రెక్క పట్టుకుని బయటికి లాగి, నా సంగతేమిటని అడగాలనిపించింది. నా టికెట్టు నా ఫోనులోనే ఉంది, గేటు పది అడుగుల దూరంలో ఉంది. కానీ అత్త ఇంకా తింటూనే ఉంది, వడ్డన మధ్యలో గిన్నెలు వదిలి పోవడానికి లేదు.